పదివేల చెరువుల సీమలో ఒక పాత పడవ

అమెరికా వెళ్ళి వచ్చినవారు సాధారణంగా నయాగరా జలపాతాన్ని గురించీ, న్యూయార్కు మేడలను గురించీ వ్రాస్తారు. అవి చూడదగినవే, కాదనము. అయితే వాటిని గురించి మేము కొత్తగా చెప్పగలిగినదేమీ లేదు. మేము చెప్పదలచినది పద్నాలుగు అడుగుల పొడవుగల ఒక పాత అల్యూమినియం పడవ సంగతి. దాని కడుపులో కుక్కియున్న ఫోమ్ అనే నురుగుదిమ్మను పెరికివేసి కొత్తది పెట్టిన విధము, ఇంతే. ఇదేమి యాత్రాకథ అని పాఠకులు నవ్వవచ్చును. కాని ఆ పడవలో ఎక్కవలసినవారు మా మనుమలు. ఆ నీరు మంచు కరిగి వారమైనా కాని నీరు. అందుచేత మా ఇద్దరికీ అది నయాగరా కన్న పెద్ద సంగతి అయి కూర్చున్నది.

మిన్నెసోటా రాష్ట్రము అమెరికాకు ఉత్తరపుటంచున, కెనడాను ఆనుకొని వున్నది. ఆ పేరు అక్కడి ఆదివాసులైన డకోటావారి మాటలోనిది. ఆకాశపు నీడ పడిన నీరు అని దానికి అర్థం చెబుతారు. అక్కడి మోటారుబండ్ల నంబరు పలకల మీద 'పదివేల చెరువులు' అని అచ్చువేసుకుంటారు. ఇది గొప్పకు చెప్పుకొన్న మాట కాదు సుమా, తగ్గించి చెప్పుకొన్న మాట. పది ఎకరాలకు తగ్గని చెరువులనే లెక్కపెట్టినా 11,842 తేలినవి. వేల ఏండ్ల క్రిందట ఆ నేలను కప్పియున్న మంచుపలకలు కరిగి వెనుకకు తగ్గినప్పుడు మిగిలిన గుంటలే ఈ చెరువులు. మన దేశంలో చెరువు అంటే ఏ రాజో, ఏ పుణ్యాత్మురాలో త్రవ్వించినదై వుంటుంది. గట్టు వుంటుంది, తూము వుంటుంది, గట్టు మీద ఒక గుడి వుంటుంది. అక్కడి చెరువుకు గట్టూ లేదు, తూమూ లేదు, త్రవ్వించినవాడూ లేడు. అడవిలో నడుస్తూ నడుస్తూ వుంటే చెట్ల మధ్య తటాలున నీరు కనబడుతుంది.

మా అమ్మాయి, అల్లుడు ఫెర్గస్ ఫాల్స్ అనే చిన్న పట్టణంలో వుంటారు. మిన్నియాపోలిస్‌లో విమానం దిగి, వాయవ్యదిశగా కారులో సుమారు మూడు గంటల ప్రయాణం. ఆటర్ టెయిల్ జిల్లాకు అది ముఖ్యపట్టణం. ఆ ఒక్క జిల్లాలోనే వెయ్యికి పైగా చెరువులు వున్నవి. మేము 2023 ఏప్రిల్ నెలలో వెళ్ళాము. అప్పటికి చెరువులింకా గడ్డకట్టే వున్నవి. "జనవరిలో వచ్చివుంటే ఆ గడ్డ మీద కార్లు నడవడం చూచేవారు నాన్నా" అన్నది అమ్మాయి. చలికాలంలో ఆ గడ్డ మీద చిన్న చిన్న గుడిసెలు నిలిపి, మంచుకు కన్నం తొలిచి, అందులోనుంచి గాలం వేస్తారట. చేపల కోసం ఇంత తపస్సు చేసే జనాన్ని మేము మరెక్కడా చూడలేదు. మే నెలలో ఒక శనివారంనాడు 'వాలై' అనే చేపకు వేటకాలం తెరుస్తారు. ఆనాడు రాష్ట్రమంతటికీ పండుగే. గవర్నరుగారు కూడా గాలం పట్టుకొని పడవలో కూర్చుంటారు.

ఆ రాష్ట్రంలో రిజిస్టరైన పడవలు ఎనిమిది లక్షలకు పైబడి వున్నవి. జనాభాయేమో అరవై లక్షలు కూడా లేదు. పూర్వం మన పల్లెటూళ్ళలో ప్రతి కాపు ఇంటి ముంగిట ఎద్దుబండి వున్నట్లు, అక్కడ ప్రతి ఇంటి ప్రక్కనా రెండు చక్రాల ట్రెయిలరు మీద ఒక పడవ వుంటుంది. వాటిలో ఎక్కువ భాగం అల్యూమినియపు పడవలే. దీనికి కొంత కథ వున్నది. వెనుక పడవలన్నీ కర్రవే. రెండవ ప్రపంచయుద్ధంలో విమానాల కోసం అల్యూమినియపు రేకును వంచే పని, రివెట్లు కొట్టే పని దేశమంతటా విస్తరించినది. 1944లో గ్రుమ్మన్ విమాన కంపెనీ ఉద్యోగి విలియం హాఫ్‌మన్ అనే ఆయన అడవిలో ఒక బరువైన పడవను భుజాన మోసి మోసి విసిగిపోయి, విమానాల రేకుతో పడవ ఎందుకు చేయరాదని ఆలోచించినాడట. యుద్ధం ముగిసిన 1945లోనే ఆ కంపెనీవారు అల్యూమినియపు పడవలు చేయనారంభించినారు. మా అమ్మాయి వుండే జిల్లాలోనే న్యూయార్కు మిల్స్ అనే చిన్న ఊరు వున్నది. ఫిన్లండు నుంచి వచ్చినవారు స్థిరపడిన ఊరు. అక్కడ 1948లో హోవర్డ్ లండ్ అనే ఆయన మొదలుపెట్టిన పడవల కర్మాగారం నేటికీ నడుస్తూనే వున్నది. పేరు చూచి న్యూయార్కు అనుకొని పోయేరు, మన మండల కేంద్రమంత కూడా వుండదు.

పడవ వెనుక తగిలించే మోటారుకు కూడా ఆ ప్రాంతంలో ఒక కథ వున్నది. ప్రక్కనున్న విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే దేశపు కుర్రవాడు, తన కాబోయే భార్య ఐస్‌క్రీము కావాలని అడుగగా చెరువుకు అడ్డంగా తెడ్డు వేసుకొని పోయి తెచ్చేసరికి అది కరిగి నీరైపోయినదట. ఆ ఉక్రోషంతో మోటారు కనిపెట్టినాడని అక్కడివారు చెప్పుకుంటారు. నిజమెంతో గాని, 1909లో మిల్వాకీలో కంపెనీ పెట్టిన మాట వాస్తవం. నూరేళ్ళకు పైగా నడచిన ఆ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాము. అల్యూమినియం తేలిక అంటాము గాని, అది నీటికి 2.7 రెట్లు బరువైనది. పడవ ఆకారంలో వున్నంతవరకే తేలుతుంది. నీరు నిండినదా, చెంబు మునిగినట్లు మునుగుతుంది. మా బరంపురానికి చేరువనున్న గోపాలపురం ఒడ్డున మన తెలుగు వాడబలిజల తెప్పలను చూచినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. తెప్ప అంటే దుంగలను కలిపి కట్టినదే. కెరటం మీద పడితే నీరు దుంగల సందులలోనుంచి కారిపోతుంది, తెప్ప మాత్రం మునగదు, ఎందుకంటే తేలే గుణం ఆ కర్రలోనే వున్నది. అయితే కర్ర నీరు త్రాగుతుంది. అందుకే వేట నుంచి వచ్చిన పిమ్మట కట్లు విప్పి, దుంగలను ఇసుక మీద ఎండబెట్టేవారు. నానిన దుంగలతో మరునాడు సముద్రంలోకి పోవడం మంచిది కాదని వారికి ఎవరూ పుస్తకం చూచి చెప్పలేదు. (ఇప్పుడు అక్కడా ఫైబరు పడవలే ఎక్కువైనవి, వాటి పొట్టలోనూ ఇటువంటి దిమ్మలే కూరుతున్నారు.)

అల్యూమినియపు పడవకు ఆ తేలే గుణం లోపలినుంచి అరువు తేవాలి. కూర్చునే బల్లల క్రింద, ప్రక్కగోడల వెంబడి, నురుగుదిమ్మలు కూరుతారు. ఒక ఘనపుటడుగు నీరు 28 కిలోల పైచిల్లర తూగుతుంది. అంతే పరిమాణంగల దిమ్మ ఒక కిలో కూడా తూగదు. కనుక ఒక్కొక్క ఘనపుటడుగు దిమ్మ నీటిలో సుమారు 27 కిలోలను ఎత్తి పట్టుకుంటుంది. అమెరికాలో 1971లో పడవల భద్రతకు చట్టం చేసినారు. దాని క్రింద వచ్చిన నిబంధనల ప్రకారం, 1978 ఆగస్టు మొదలుకొని తయారైన ఇరవై అడుగుల లోపు, వెనుక మోటారు తగిలించే పడవలు, నీరు నిండినా మునగకుండా వుంటే మాత్రమే చాలదు, బోర్లపడకుండా మట్టంగా తేలవలెను. తలక్రిందులైన పడవను పట్టుకొని చన్నీళ్ళలో వ్రేలాడడం కన్న, నీరు నిండిన పడవలోనే కూర్చొని సహాయం కోసం కేకవేయడం మేలు గదా.

మా అల్లుడు పోయిన శరత్కాలంలో ప్రక్కింటి పెద్దాయన ద్వారా ఆ పడవను చవుకగా కొన్నాడు. 1984లో తయారైనది. చట్టం వచ్చిన తరువాతది గనుక దిమ్మలు వుండనే వుండినవి. కాని నీటిలో దింపితే వెనుకభాగం కాస్త క్రుంగి వుండేదట. మోటారు రొప్పుతూ పోయేదట. ఇద్దరు మనుషులు ఒక కొస ఎత్తబోతే లేవలేదట. నార్వే సంతతికి చెందిన ఆ ప్రక్కింటి పెద్దాయన రైతు, ఇప్పుడు సాగు మానివేసినాడు. ఆయన మాటలు తక్కువ. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, పిడికిలితో బల్లను తట్టి చూచి, కాటాకు తీసుకొని పోదామన్నాడు.

ధాన్యం కొనే గోదాముల దగ్గర లారీలను తూచే కాటాలు అక్కడ ప్రతి ఊళ్ళోనూ వుంటవి. పడవతో ట్రెయిలరును ఒకసారి, పడవను దింపి ట్రెయిలరును ఒకసారి తూచినారు. మోటారు, బ్యాటరీ ముందే విప్పివేసినారు. ఆయన దగ్గర దాచియున్న పాత జాబితా ప్రకారం ఆ పడవ కొత్తలో 105 కిలోలు. కాటా చూపినది 185. ఎనభై కిలోలు ఎక్కువ! అంటే ఎవరూ ఎక్కకముందే ఒక భారీ మనిషి ఎక్కి కూర్చున్నాడన్నమాట. ఆ మనిషి నీరే.

ఇందులో బరువు కన్న పెద్ద ప్రమాదం మరొకటి వున్నది. ఎనభై కిలోల నీరు అంటే దాదాపు మూడు ఘనపుటడుగుల చోటు. ఆ మేరకు దిమ్మలో గాలి పోయి నీరు చేరినది. నీరు త్రాగిన దిమ్మ పడవను ముంచదు గాని తేల్చదు కూడా, నీళ్ళలో నీళ్ళవలెనే వుంటుంది. పడవ మామూలుగా నడుస్తున్నంతకాలం ఈ లోపం బయటపడదు. ఆపద వచ్చిననాడే బయటపడుతుంది. "మరి పిల్లలకు జాకెట్లు తొడుగుతారు గదా" అన్నాము మేము. అక్కడ పదేండ్ల లోపు పిల్లలు నడిచే పడవలో తేలుడు జాకెట్టు వేసుకోవలెనని శాసనమే వున్నది. పెద్దలు మాత్రం వేసుకోరు. పడవ ప్రమాదాలలో మునిగి చనిపోయినవారిలో ప్రతి పదిమందికి ఎనిమిదిమందికి పైగా జాకెట్టు లేనివారేనని ప్రభుత్వపు లెక్కలు చెబుతున్నవి. అల్లుడు శాంతంగా చెప్పినాడు: "జాకెట్టు తలను పైన వుంచుతుంది మామయ్యగారూ. చలిని ఆపదు. ఈ నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరే అందదు. పది నిమిషాలకు చేతులు మన మాట వినవు. అప్పుడు పట్టుకొని ఎక్కడానికి ఏదో ఒకటి తేలుతూ వుండాలి." ఆ మాట విన్న పిమ్మట మా ఇంటావిడ ఆ పడవ బాగుపడేవరకు పిల్లలను దాని దరికి పోనివ్వనన్నది. వేటకాలం తెరవడానికి నాలుగు వారాలే వ్యవధి వున్నది. ఎనిమిదేండ్ల మనుమడు అప్పటికే గాలానికి దారం చుట్టి సిద్ధంగా పెట్టుకున్నాడు.

మొదటి శని ఆదివారాలు పెరకడానికే సరిపోయినవి. బల్లలను పట్టియున్న రివెట్ల తలలను బరమాతో తొలిచివేసి, రేకు ఎత్తగానే ఒక వాసన వచ్చింది. నిలవనీటి వాసన, ఎలుకల వాసన కలిసినవి. చలికాలంలో ఎలుకలు ఆ దిమ్మలను తొలిచి గూళ్ళు కట్టుకుంటవట. తుప్పుపట్టిన గాలాలు, సీసపు గుండ్లు, ఎవరిదో ఒక చిన్న చాకు కూడా దొరికినవి. దిమ్మ పైన ఎండుగా పసుపురంగులో వున్నది. చాకు లోపలికి దింపేకొద్దీ నల్లబడింది. ఒక ముక్కను పిండితే గుడ్డను పిండినట్లు నీరు కారింది. "చారులో నానిన వడ" అన్నది మా ఇంటావిడ. అంతకన్న బాగా మేము వర్ణించలేము. ఇటువంటి దిమ్మలో ఒక్కొక్క నురుగుబుడగా మూసుకొని వుంటుందనీ, నీరు చొరదనీ చెబుతారు. కొత్తలో నిజమే. కాని ఏండ్ల తరబడి అడుగున నిలిచిన నీటిలో నానుతూ, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచించి, వేసవిలో కరిగి, పైపెచ్చు మోటారు అదురుకు ఒరుసుకొని, ఆ బుడగల గోడలు ఒక్కటొక్కటిగా చిట్లుతవి. ఒకసారి లోపలికి పోయిన నీరు ఎండబెట్టినా బయటికి రాదు. తెప్ప దుంగకున్న సౌకర్యం దీనికి లేదు.

ఆ దిమ్మ రేకుకు అంటుకొనిపోయి వుండడంచేత ముక్కలు ముక్కలుగా కోసి, కర్ర బద్దలతో గీరి తీయవలసి వచ్చింది. ఉక్కు కుంచెతో గీరరాదు. ఉక్కురజను అల్యూమినియంలో దిగబడి అక్కడ తినడం మొదలుపెడుతుంది. తీసిన తుక్కు పెద్ద సంచులకు పదకొండు వచ్చింది. దానిని తగులబెట్టడం చాలా ప్రమాదం. ఆ పొగలో ప్రాణాలు తీసే విషవాయువులు వుంటవి. పురపాలకసంఘంవారి చెత్తకేంద్రానికి చేర్చినారు.

అడుగు కడిగి చూచేసరికి మరొక సంగతి బయటపడింది. రేకు మీద అక్కడక్కడ తెల్లని పిండి, దాని క్రింద సన్నని గుంటలు. అల్యూమినియానికి గాలి తగిలితే పైన ఒక పలుచని పొర ఏర్పడి దానిని కాపాడుతుంది. తడి దిమ్మ క్రింద గాలి ఆడదు. ఆ పొర చెడితే తిరిగి కట్టదు. ఇదిగాక పూర్వపు యజమానులలో ఎవరో నేలకు పరచిన ప్లైవుడ్డు, చెద పట్టకుండా రాగి మందు పట్టించిన రకం. రాగి, అల్యూమినియం, మధ్య నీరు: చిన్నతనంలో బడిలో చూచిన బ్యాటరీ అదే. ఆ చెక్క క్రింద సూదిమొన అంత రంధ్రాలు రెండు కనిపించినవి. ఇంకో రెండు మూడేండ్లు ఊరుకొని వుంటే పైసా అంత అయ్యేవి.

ఓటి రివెట్లను పట్టుకొనడానికి ఆ పెద్దాయన ఒక ఉపాయం చెప్పినాడు. పడవను నీటిలో పెట్టి చూడడం కాదు, నీటినే పడవలో పోసి చూడాలి. ట్రెయిలరు మీద పడవ అడుగుకు మరికొన్ని దుంగలు ఆనించి (నీటి బరువుకు రేకు వంగకుండా), నాలుగంగుళాల నీరు పోసినారు. క్రిందికి వంగి చూస్తే చుక్కలు. మనుమడు క్రేయాను తీసుకొని చుక్క పడిన చోటనల్లా సున్నా చుట్టినాడు. పదమూడు సున్నాలు. రెండు రంధ్రాలు పోగా మిగిలినవి వదులైన రివెట్లు. వాటిని బిగించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల బరువైన ఇనుపదిమ్మను రివెట్టుకు ఆనించి పట్టుకోవాలి, రెండవవారు బయటినుంచి సుత్తితో కొట్టాలి. లోపలి పని మాకు దక్కింది. దెబ్బ దెబ్బకూ మోచేతిదాకా జలదరించింది. చిన్నప్పుడు కంచరివీధిలో విన్న చప్పుడును మిన్నెసోటాలో అల్యూమినియం పడవ లోపల పడుకొని వింటామని ఎన్నడూ అనుకోలేదు. రంధ్రాలకు లోపలినుంచి అల్యూమినియపు ముక్కలు వేసి, జిగురుతోనూ రివెట్లతోనూ మూసినారు.

ఇక కొత్త దిమ్మ ఏది అనే చర్చ. ఇది మూడు రాత్రులు భోజనాల దగ్గర నడిచింది. రెండు ద్రవాలను కలిపి పోస్తే క్షణాలలో పొంగి గట్టిపడే పాలీయురెథేన్ ఒక రకం. మూలమూలలకూ పాకుతుంది, పెట్రోలు పడినా కరగదు. అల్లుడి మొగ్గు దాని మీదనే. కాని దానికి వెచ్చదనం కావాలి. ఆ చలిలో సరిగా పొంగదు. కలిపేటప్పుడు వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు. ఎక్కువ పోస్తే పొంగే బలానికి రేకే ఉబ్బిపోతుంది. రెండవది ఇళ్ళ గోడలకు చలి ఆపడానికి వాడే పాలిస్టిరీన్ పలకలు, గులాబీ రంగువి, నీలపువి. మన థర్మోకోల్‌కు దాయాది, గాని పూసలు పూసలుగా వుండదు, నీరు పీల్చడం దానికన్న చాలా తక్కువ. ఇనుపసామాను దుకాణంలో దొరుకుతవి. చాకుతో కోసి పేర్చుకోవచ్చు. ఈ వాదాలన్నీ విన్న మా ఇంటావిడ ఒక్కటే అడిగింది: "పోసినదానిని మళ్ళీ తీయాలంటే, బాబూ?" మొదటి వారపు కష్టం అందరికీ జ్ఞాపకం వచ్చింది. పలకలే నిశ్చయమైనవి.

పలకలకు ఒక్కటే శత్రువు. అల్లుడు వాకిట్లో ఒక గాజుగ్లాసులో కొంచెం పెట్రోలు పోసి, గులాబీ ముక్కను అందులో వేసినాడు. చూస్తూవుండగా అది పంచదారవలె కరిగి అడుగున జిగటగా మిగిలింది. పెట్రోలుడబ్బా వుండేది వెనుకబల్ల దగ్గర. అక్కడ ఒక్కసారి ఒలికినదంటే బల్ల క్రింద తేల్చేది మిగలదు. కాబట్టి వెనుకబల్లలో మాత్రం పాలిథిన్ నురుగుదిమ్మలు పెట్టినారు. ఖరీదు ఎక్కువే గాని పెట్రోలుకు అట్లా కరగవు.

ఎంత పెట్టాలి అనేదానికి లెక్క కట్టినారు. అల్యూమినియం నీళ్ళలో మునిగితే దాని బరువులో మూడింట ఒకవంతుకు పైగా నీరే మోస్తుంది. కనుక 105 కిలోల పడవను తేల్చడానికి 66 కిలోల బలం చాలు. మోటారుకు ముప్పై, బ్యాటరీకీ లంగరుకూ కలిపి ఇరవైరెండు, నీళ్ళలో కూర్చున్న మనుషులకు మరో అరవై. మొత్తం 178. దానిని 27తో భాగిస్తే ఆరున్నర ఘనపుటడుగుల పైచిల్లర. రెండంగుళాల మందంగల నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు పలక ఒకటి అయిదుంపావు ఘనపుటడుగులకు మించి వుంటుంది. రెండు పలకలు కొన్నారు. పాలిథిన్ దిమ్మలు అదనం.

ఎంత అనేదానికన్న ఎక్కడ అనేది ముఖ్యం. ఇక్కడనే చాలామంది పొరబడతారని పెద్దాయన చెప్పినాడు. నేల క్రింద ఖాళీగా వున్నదిగదా అని దిమ్మలన్నీ అడుగున కూరితే, నీరు నిండినప్పుడు అడుగు పైకి లేవజూస్తుంది, పడవ బోర్లపడుతుంది. మన పిల్లలు ఈత నేర్చుకొనేటప్పుడు మునగబెండ్లుగాని ఎండిన ఆనపబుర్రలుగాని వీపుకు కట్టుకుంటారు. కాళ్ళకు కట్టుకుంటే తల ఎటు పోతుందో వేరే చెప్పనక్కరలేదు. పడవకూ అదే న్యాయం. కాబట్టి ప్రక్కగోడల వెంబడి, వీలైనంత ఎత్తున, రెండువైపులా సమంగా పేర్చినారు. మోటారు బరువు వెనుక వుంటుంది గనుక వెనుకమూలలకు ఎక్కువ ఇచ్చినారు. అడుగున మాత్రం దిమ్మలను రేకుకు ఆననివ్వక, సన్నని ప్లాస్టిక్ బద్దల మీద ఎత్తి నిలిపినారు. పడిన నీరు ఎక్కడా ఆగకుండా వెనుకనున్న బిరడా కన్నానికి పోవాలి. పాత దిమ్మను చంపినది చెరువునీరు కాదు, దారి లేక నిలిచిన ఆ వాననీరే. ఇప్పుడు పడవను ఇంటి దగ్గర ముక్కు పైకెత్తి, బిరడా తీసి వుంచుతున్నారు. బల్లలను కూడా రివెట్లతో కాక తుప్పుపట్టని ఉక్కు మరలతో బిగించినారు, రెండేండ్లకొకసారి విప్పి చూడడానికి.

నాలుగవ ఆదివారానికి దగ్గరలోని ఒక లోతులేని చెరువు పూర్తిగా విడివడింది. ఒడ్డున నీడపట్టున ఇంకా మంచు పెళ్ళలు వున్నవి. పడవను నడుములోతు నీటిలో నిలిపినారు. మోటారును తడపడం ఇష్టం లేక, అంత బరువుకు అల్లుడు రోజూ వ్యాయామం చేసే ఇనుపగుండ్లు వెనుకపలకకు కట్టినారు. అల్లుడు, పెద్దాయన చంకలదాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకొని, పైన జాకెట్లు కట్టుకొని దిగినారు. ఒడ్డున మేమిద్దరము, అమ్మాయి, పిల్లలు. బిరడా తీసినారు.

నీరు చిన్న ఊటవలె పైకి చిమ్మింది. నేల మునిగింది. బల్లల మట్టానికి వచ్చింది. బాగుచేసిన పడవలోనికి చేజేతులా నీరు నింపడం చూస్తూ వుంటే ఏదోవిధంగా వుంటుంది. సగం పైన నిండేసరికి పడవ ఒక ప్రక్కకు ఊగింది. మా ఇంటావిడ మా చేయి పట్టుకున్నది. అది మళ్ళీ సర్దుకొని నిలిచింది. పావుగంట గడిచినా అంచులు నీటికి పైననే వున్నవి. పెద్దాయన మెల్లగా లోపలికి ఎక్కి బల్ల మీద కూర్చున్నాడు, ఆ పిమ్మట అల్లుడు ఎక్కినాడు. అంచులు నీటికి సమానమైనవి గాని పడవ క్రిందికి పోలేదు, ఒరగలేదు. ఇద్దరూ తొడలదాకా నీటిలో, బల్ల మీద చేతులు కట్టుకొని కూర్చున్నారు. మనుమరాలు చప్పట్లు కొట్టింది. వెనుక కొస మాత్రం ముందుకొస కన్న మూడంగుళాలు క్రుంగి వున్నది. అది చూచి పెద్దాయన వెనుకమూలలకు ఇంకొక్కొక్క దిమ్మ కావాలన్నాడు. ఆ సాయంత్రమే చేర్చినారు.

తరువాతి శనివారం తెల్లవారుజామున అల్లుడు, మనుమడు వేటకు పోయినారు. ఇద్దరూ జాకెట్లు తొడుక్కున్నారు. అల్లుడు తొడుక్కొనడం మా ఇంటావిడ వాకిట్లో నిలబడి చూచిన తరువాతనే కారు కదిలింది. పదిగంటలకు తిరిగి వచ్చినారు. ఒక్క చేప, అదీ కొలత చాలక విడిచిపెట్టవలసినది. పడవ వెనుకభాగం క్రుంగలేదనీ, మోటారు రొప్పలేదనీ అల్లుడు చెప్పినాడు. వస్తూ వస్తూ దారిలో గోదాము కాటా మీద మళ్ళీ తూచినారట, 115 కిలోలు.

మేము బయలుదేరే ముందు ప్రక్కింటి పెద్దాయన, మా దగ్గర మిగిలిన గులాబీ పలక ముక్కలు ఇస్తారా అని అడుగుతూ వచ్చినాడు. ఆయన తన పడవను కూడా కాటాకు తీసుకొని పోయినాడట. అరవై కిలోలు ఎక్కువ తూగినది.